ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన

కళాశాల విద్యార్థుల్లో ఒక ఆట ఉన్నది. బొమ్మల కథల పుస్తకాల్లోంచి, అంటే కామిక్కుల్లోంచి, ఏవైనా రెండు పాత్రలను ఎంచుకుంటారు. మొదటి పాత్ర ఎవరితో కలిసి ఒకే పుస్తకంలో కనబడింది? ఆ కనబడిన పాత్ర మరెవరితో కనబడింది? ఇట్లా మెట్టు మీద మెట్టు వేసుకుంటూ పోయి రెండో పాత్రను చేరుకోవాలి. తక్కువ మెట్లలో చేరినవాడు గెలిచినట్టు. శృంగవరపుకోటలో నా దగ్గర చదువుకునే పిల్లలు ఈ ఆట బహు చురుగ్గా ఆడతారు. అమెరికా వీరులతో తృప్తిపడక ఘటోత్కచుణ్ణీ, భేతాళుణ్ణీ కూడా ఇందులోకి లాగుతారు.

ఇది సాహిత్య విమర్శలో చర్చించదగిన విషయమా అని ఎవరైనా అడగవచ్చు. చర్చించదగినదేనని నా అభిప్రాయం. ప్రతి ఆటకూ ఒక నియమం ఉంటుంది; ఆ నియమం వెనక లోకాన్ని చూసే పద్ధతి ఒకటి ఉంటుంది. ఒకే చోట కనబడినవాళ్ళంతా సంబంధం గలవాళ్ళు అన్నది ఈ ఆట వెనక ఉన్న సిద్ధాంతం. ఆటలో ఇది నిరపాయకరమే. కాని ఈ సిద్ధాంతాన్నే పట్టుకుని సాహిత్యాన్ని చదవటం, సమాజాన్ని చూడటం మొదలుపెడితే మనకు రెండూ అర్థం కాకుండా పోతాయి. అట్లా చదివేవాళ్ళూ, చూసేవాళ్ళూ ఇప్పుడు తక్కువమంది లేరు.

ఈ ఆటకు మూలం సాహిత్యంలోనే ఉన్నది. 1929లో హంగేరీ రచయిత ఫ్రిగ్యెష్ కరింతి ‘గొలుసులు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న రచన చేశాడు. ప్రపంచంలో ఏ మనిషినైనా అయిదుగురు పరిచయస్థుల ద్వారా చేరుకోవచ్చునని అందులో కొందరు మిత్రులు పందెం వేసుకుంటారు. ఫోర్డు మోటారు కార్ఖానాలో పనిచేసే ఒకానొక కార్మికుణ్ణి చేరుకోవాలని సమస్య వస్తుంది. చేరుకుంటారు. ఎట్లా? కార్మికుడికి తన మేస్త్రీ తెలుసు, మేస్త్రీకి ఫోర్డు దొర తెలుసు, ఫోర్డుకు పత్రికాధిపతి హెర్స్టు వద్ద ఉండే అధికారి తెలుసు, ఆ అధికారికి హంగేరీలో ఒకాయన తెలుసు. సమస్య తీరిపోయింది. పాఠకులు ఒక్క సంగతి గమనించాలి. కార్మికుడి దగ్గరికి పోయే దారి యజమాని ఇంటి మీదుగా పోయింది. మేస్త్రీకీ కార్మికుడికీ ఉన్నది పరిచయమేనా? ఆ మేస్త్రీ తలచుకుంటే ఆ కార్మికుడికి మర్నాడు పని ఉండదు. గొలుసులో ఇది కూడా ఒక లింకే, స్నేహం కూడా ఒక లింకే. లెక్క రెంటికీ తేడా చూడదు.

అంత దూరం పోనక్కరలేదు. మా ఊరి మీదుగా కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైలుమార్గం ఉన్నది. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చెయ్యటం కోసం 1960లలో వేసిన మార్గం. ఆ గూడ్సుబండి వల్ల బస్తరు కొండమీద రాయి తవ్వే మనిషికీ, జపాను ఉక్కు కొలిమి దగ్గర నిలబడ్డ మనిషికీ రెండు మూడు మెట్లలో సంబంధం ఏర్పడింది. కాని వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. వాళ్ళను కలిపింది రాయి. రాయికి ధర కట్టిన వర్తకం.

ఇక బొమ్మల వీరుల సంగతి చూద్దాం. 2002లో స్పెయిన్‌కు చెందిన ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని మార్వెల్ కంపెనీ కామిక్కులన్నిటినీ లెక్కకట్టారు. 12,942 పుస్తకాలు, వాటిలో 6,486 పాత్రలు. ఒకే పుస్తకంలో కనబడిన పాత్రల మధ్య గీత గీశారు. అంటే మన పిల్లలు ఆడే ఆటనే శాస్త్రీయంగా ఆడారన్నమాట. ఈ మహా వలకు నడిబొడ్డున కెప్టెన్ అమెరికా ఉన్నాడని తేలింది. నిజమైన మనుషుల మధ్య ఏర్పడే వలల లక్షణాలు చాలావరకు ఇందులో ఉన్నాయిగాని అన్నీ లేవని కూడా వాళ్ళు తేల్చారు. వాళ్ళ పని నిజాయితీ గల పని. ఇది కల్పిత జగత్తు అనీ, నిజమైన జగత్తులా కనబడాలని ప్రయత్నిస్తున్నదనీ వాళ్ళే చెప్పారు.

అయితే ఈ ఆరువేల చిల్లర పాత్రలను ఒక జగత్తుగా కలిపినది ఎవరు? వాటి జీవితం కలపలేదు. వాటి యజమాని కలిపాడు. 1938లో సూపర్‌మాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు సర్వహక్కులతో సహా ఆ కథను 130 డాలర్లకు కంపెనీకి ఇచ్చేశారు. ఆ క్షణం నుంచీ ఆ పాత్ర ఎవరితో కలవాలో, ఎవరితో పోట్లాడాలో నిర్ణయించే అధికారం సృష్టికర్తలది కాదు. 1940లో వేరువేరు కథల వీరులను ఒకే బల్ల చుట్టూ కూచోబెట్టి ఒక సంఘం పెట్టారు. విడివిడిగా అమ్ముడుపోయే సరుకులను ఒక మూటగా కట్టి అమ్మితే ఎక్కువ పోతుందన్న వ్యాపారసూత్రం అక్కడ రుజువయింది. సూపర్‌మాన్ ఒక కంపెనీ సొత్తు, స్పైడర్‌మాన్ ఇంకొక కంపెనీ సొత్తు. ఇద్దరూ ఉండేది న్యూయార్కులాంటి నగరాల్లోనే, ఇద్దరూ పత్రికాఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళే. అయినా ఒకరికొకరు ఎదురుపడటానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది. రెండు కంపెనీలూ ఒప్పందానికి వచ్చిన తరవాతగాని ఇద్దరు వీరులూ కలుసుకోలేదు. 2009లో మార్వెల్ కంపెనీని డిస్నీ సంస్థ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. ఒక్క సంతకంతో వేలాది పాత్రలు మిక్కీ మౌసుకు ఇంటిపేరింటివాళ్ళయిపోయారు. దీన్ని జగత్తు అనటం కంటె దుకాణం అనటం సబబు.

దుకాణం అన్నమాట నేను తిట్టుగా వాడటం లేదు. డిపార్ట్‌మెంటు స్టోరుకు ఒక చరిత్ర ఉన్నది. పారిస్‌లో 1852 తరవాత అరిస్తీద్ బూసికో ‘బాన్ మార్షే’ను పెంచిన పద్ధతిని చూస్తే ఆ చరిత్ర అర్థమవుతుంది. గుడ్డలూ, గొడుగులూ, కుర్చీలూ, పిల్లల బొమ్మలూ అన్నీ ఒకే కప్పు కిందికి వచ్చాయి. ప్రతి సరుకు మీదా ధర చీటీ వేలాడింది. బేరం పోయింది. బేరంతోపాటు కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఉండే మాటా పోయింది. గొడుగు పక్కన కుర్చీ ఎందుకున్నదంటే, గొడుగుకూ కుర్చీకీ ఏదో చుట్టరికం ఉండి కాదు, రెండూ ఒకే యజమానివి గనక. ఈ కొత్త మాయను తొలిసారి పెద్ద నవలగా రాసినవాడు జోలా. 1883లో వచ్చిన ఆయన ‘ఓ బొనేర్ దే దామ్’ నవల అద్దాల వెనక మెరిసే పట్టుబట్టలను ఎంత శ్రద్ధగా వర్ణించిందో, రోజంతా నిలబడి అమ్మే అమ్మాయిల వాచిన కాళ్ళనూ అంత శ్రద్ధగానే వర్ణించింది. బేరం తగ్గిన కాలంలో వాళ్ళను బయటికి గెంటటమూ అందులో ఉన్నది. ఒక కప్పు కింద ఉన్న వస్తువులనే కాక, ఆ కప్పు కింద ఉన్న మనుషుల సంబంధాలను కూడా చూపించాడు గనకనే జోలా వాస్తవికవాది.

మన వైపు చూస్తే, తెలుగు పుస్తకాలూ పత్రికలూ సినిమాలూ చిరకాలం తయారైన మద్రాసులోనే 1863లో స్పెన్సర్ దుకాణం పుట్టింది. ఓక్‌షాట్ చేతుల్లో అది మౌంట్ రోడ్డు మీద పోగ్సన్ కట్టిన రాజప్రాసాదం వంటి భవనానికి చేరింది. దొరలకూ జమీందార్లకూ కావలసిన సమస్తం అక్కడ దొరికేది. 1980లలో ఆ భవనం కాలిపోయింది. ఆ స్థలంలోనే ‘స్పెన్సర్ ప్లాజా’ లేచి 1991లో తెరుచుకున్నది.

బొమ్మల వీరులకూ ఈ దుకాణాలకూ ఉన్నది కేవలం పోలికే అనుకోనక్కరలేదు. న్యూయార్కులో ‘మేసీస్’ అనే పెద్ద స్టోరు 1924 నుంచి ఊరేగింపు జరుపుతున్నది. సూపర్‌మాన్ పుట్టిన కొద్దికాలానికే, అంటే 1940 నాటికే, ఆ ఊరేగింపులో అతని బెలూను ఎగిరింది. వీరుడు దుకాణం ముందు గాలిబుడగై తేలాడు. దాని తాళ్ళు పట్టుకుని నడిచినవాళ్ళు కింద నేలమీద ఉన్నారు.

సరుకుకు ఉండే ఈ మాయాస్వభావాన్ని మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి అధ్యాయంలో ఒక బల్ల ఉదాహరణతో వివరించాడు. మామూలు కొయ్యబల్ల, సరుకుగా మారగానే తలకిందులుగా నిలబడి చిత్రవిచిత్రంగా ప్రవర్తించటం మొదలుపెడుతుంది. మనుషుల మధ్య ఉండవలసిన సంబంధాలు వస్తువుల మధ్య సంబంధాలుగా కనబడతాయి. ఈ అధ్యాయం పిల్లలకు బోధపడటం కష్టమని చాలామంది ఉపాధ్యాయులంటారు. తెలుగు పిల్లలకు అంత కష్టం కాదు. వాళ్ళంతా ‘మాయాబజార్’ చూసినవాళ్ళే.

1957లో వచ్చిన ఆ సినిమాలో ఘటోత్కచుడి పరివారం కౌరవుల విడిదికోసం ఒక బజారును సృష్టిస్తుంది. తెలుగువాళ్ళకు తెలిసిన డిపార్ట్‌మెంటు స్టోర్లన్నిటిలోనూ ప్రసిద్ధమైనది ఇదేనంటే అతిశయోక్తి కాదు. అక్కడ కంబళికి తోడు గింబళి ఉన్నది, తల్పానికి తోడు గిల్పం ఉన్నది. ఆశపడి ఎక్కిన పెద్దమనుషులను ఆ వస్తువులే ముప్పుతిప్పలు పెడతాయి. పింగళి నాగేంద్రరావు మార్క్సును దృష్టిలో పెట్టుకుని రాశాడని నేననటం లేదు. కాని వస్తువు మీద లోభం గల మనిషిని వస్తువే ఆడిస్తుందన్న లోకజ్ఞానం ఆ హాస్యంలో ఉన్నది. అందుకే అది ఇన్నేళ్ళు నిలిచింది. ఆ బజారుకు ఇంకొక పార్శ్వం కూడా ఉన్నది. తెర మీద అది మంత్రం వేస్తే లేచింది. వడ్రంగి లేడు, తాపీపనివాడు లేడు. తెర వెనక మాత్రం మద్రాసు స్టూడియోలో వడ్రంగులూ, రంగులవాళ్ళూ, దీపాలు మోసినవాళ్ళూ చెమటోడ్చి కట్టినదే ఆ నగరమంతా. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పేరు మనకు తెలుసు, తెలియవలసిందే. మేకు కొట్టినవాడి పేరు తెలియదు.

మన పిల్లల ఆటలో ఈ సినిమా చాలా ఉపయోగపడుతుంది. శశిరేఖా, అభిమన్యుడూ, ఘటోత్కచుడూ ఒక్కచోట దొరుకుతారు. అయితే వ్యాసభారతంలో శశిరేఖ కథ లేదు. ఆ పెళ్ళి జనం చేసిన పెళ్ళి. మేనమామ కూతురు మేనత్త కొడుకుకే చెందాలన్న మన పల్లెల ఆచారం, ఆస్తి పోగొట్టుకున్న బంధువును కలవారు దూరం పెట్టే మన ఇళ్ళ అనుభవం, ఆ కథను పుట్టించినై. ఎవరి అనుమతీ అడగనవసరం లేకుండా నాటకాలవాళ్ళూ, తోలుబొమ్మలవాళ్ళూ పాత్రలను కలిపారు. హనుమంతుడు అరణ్యపర్వంలో భీముడికి అడ్డుపడ్డా, జాంబవంతుడు ద్వాపరయుగం దాకా బతికి కృష్ణుడికి పిల్లనిచ్చినా, పరశురాముడు రాముడితో తలపడి కర్ణుడికి గురువైనా, ఆ కలయికలకు కాపీరైటు లేదు. అంతమాత్రాన పురాణాలను నెత్తిన పెట్టుకోవాలని నేను వాదించటం లేదు. ఆ బంధుత్వాలలో వర్ణధర్మం కరుడుకట్టి ఉన్నది. ద్రోణుడికీ ఏకలవ్యుడికీ మధ్య ఉన్న గీతను గురుశిష్య సంబంధమని లెక్కకట్టి ఊరుకుంటే, తెగిన బొటనవేలు లెక్కలోకి రాదు. నేను చెప్పేదల్లా, అక్కడ సంబంధమంటూ ఏదో ఒకటి ఉన్నది. అది మంచిదో చెడ్డదో విచారించటానికి వీలున్నది.

భేతాళుడి విషయంలో ఆట తికమకపడుతుంది. ‘మాయాబజార్’ తీసిన నాగిరెడ్డి, చక్రపాణిగారలే 1947 జులైలో ‘చందమామ’ను ప్రారంభించారు. అందులో వందలకొద్దీ వచ్చిన భేతాళ కథల్లో విక్రమార్కుడూ, భేతాళుడూ ఎప్పుడూ ఇద్దరే. భేతాళుడు చెప్పే రాజులూ, వర్తకులూ, దొంగలూ వాళ్ళను కలుసుకోరు. ఒకే పుటల్లో ఉన్నారు గనక సంబంధం ఉన్నట్టా? చెప్పేవాడికీ, చెప్పబడేవాడికీ ఉన్నది సంబంధమేనా? పిల్లలు ఈ ప్రశ్న మీద గంటసేపు పోట్లాడుకోగా విన్నాను. వాళ్ళకు తెలియకుండానే వాళ్ళు కథాశిల్పాన్ని గురించి వాదించుకుంటున్నారు. తీర్పు చెప్పమని భేతాళుడు రాజును అడిగేది కూడా ఇటువంటిదే. ఈ ముగ్గురిలో ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరిది తప్పు అని అడుగుతాడు. ఎన్ని మెట్లు అని అడగడు.

ఈ లెక్కకూ విమర్శకూ ఉన్న తేడా స్పష్టంగా తెలియాలంటే మా జిల్లా నాటకాన్నే తీసుకోవాలి. ‘కన్యాశుల్కం’తో ఈ ఆట ఆడి చూడండి. నడిబొడ్డున మధురవాణి ఉంటుంది. గిరీశం, రామప్పంతులు, లుబ్ధావధాన్లు, కరటకశాస్త్రి, చివరకు సౌజన్యారావు పంతులు, అందరికీ ఆమె ఒక్క మెట్టు దూరం. లెక్క ప్రకారం ఆమె ఆ సమాజానికి కేంద్రం. ఆ సమాజంలో ఆమెకు స్థానమేమిటో మనందరికీ తెలుసు. అందరికీ చేరువ కావటం ఆమె వృత్తి, ఎవరికీ ఏమీ కాకపోవటం ఆమె స్థితి. ఈ వైరుధ్యం మీదనే గురజాడ ఆ పాత్రను నిలబెట్టాడు.

సుబ్బి సంగతి ఇంకా గట్టిది. రంగస్థలం మీద సుబ్బి కనబడేది బహు తక్కువ. ఆటలో ఆమె ఒక మూలన పడి ఉంటుంది. కాని అగ్నిహోత్రావధాన్లను లుబ్ధావధాన్లతో కలిపినది ఆమె ధర. కరటకశాస్త్రి వేషం కట్టించినా, రామప్పంతులు మధ్యవర్తిత్వాలు నెరిపినా, మొత్తం కథ ఆ పిల్లను అమ్మటం చుట్టూ తిరుగుతుంది. కలిసి కనబడినవాళ్ళను లెక్కపెట్టే పద్ధతికి సుబ్బి దొరకదు. ఎవరిని అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు అని అడిగిన మరుక్షణం దొరుకుతుంది. లుబ్ధావధాన్ల ఇంట్లో చాకిరీచేసే అసిరిగాడు కూడా అంతే.

ఆట ఆటే కదా, ఇంత విచారణ దేనికని కొందరు మిత్రులన్నారు. బొమ్మల కథలన్నీ దుకాణం సరుకేనని కొట్టిపారేస్తే సరిపోతుందని మరికొందరన్నారు. రెండూ సరికాదు. 1962లో పుట్టిన స్పైడర్‌మాన్‌ను చూడండి. ఆ కుర్రవాడు ఇంటి ఖర్చులకోసం తన ఫొటోలను తానే తీసి పత్రికాయజమాని జేమ్సన్‌కు అమ్ముకుంటాడు. ఆ యజమాని అవే ఫొటోలు అచ్చువేసి అతన్ని దుష్టుడని తిడతాడు. శ్రమ చేసేవాడికే ఎదురుతిరిగే శ్రమఫలితానికి ఇంతకంటె మంచి దృష్టాంతం పాఠ్యపుస్తకాల్లో కూడా తరచు దొరకదు. కంపెనీ కప్పు కింద పనిచేసే రచయితలకూ చిత్రకారులకూ తమ బతుకు తెలుసు. అది అప్పుడప్పుడూ కాగితం మీదికి వస్తుంది. మన ఆట మాత్రం పార్కరుకూ జేమ్సన్‌కూ మధ్య ఒక గీత గీసి ముందుకు పోతుంది.

ఈ ఏడు నా తరగతిలో ఆటకు ఒక నియమం అదనంగా చేర్చాను. ప్రతి మెట్టు దగ్గరా ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో చెప్పాలి. బంధువా, బాకీదారా, కూలీయా, యజమానా, శత్రువా? చెప్పలేకపోతే ఆ మెట్టు చెల్లదు. ఫలితం ఆశ్చర్యంగా ఉన్నది. మూడు మెట్లలో చేరిపోయే వీరులు ఒకరినొకరు చేరలేకపోయారు. పక్కపక్కన నిలబడి బొమ్మ దిగటం తప్ప ఒకరికొకరు ఏమీ కారని పిల్లలే తేల్చారు. ‘కన్యాశుల్కం’లో మాత్రం ఒక్క మెట్టూ కొట్టివెయ్యవలసిన అవసరం రాలేదు.

తరవాత ఒకరోజు అసలు దుకాణం మీదనే ఆడదామన్నారు. మా ప్రాంతపు పిల్లలు చదువు మధ్యలోనో, చదువు అయిపోగానేనో విజయనగరం, విశాఖపట్నం బట్టల షాపుల్లో, మాళ్ళలో పనికి పోవటం మామూలు. అటువంటి ఒక షాపులో ఏడాది పనిచేసి తిరిగి చదువుకు వచ్చిన అమ్మాయి ఒకతె తరగతిలో ఉన్నది. సూపర్‌మాన్ బొమ్మ ఉన్న పిల్లల చొక్కాలు ఆమె అమ్మింది. “చొక్కాకీ నాకూ ఒక మెట్టే మేస్టారూ. చొక్కాకి హేంగరుంటాది, మాకు కూకోడానికి స్టూలుండదు” అన్నది. తరగతిలో ఎవరూ నవ్వలేదు.

ఆమె అన్నది చట్టానికి సంబంధించిన మాట. కోళికోడ్ వస్త్రదుకాణాల్లో పనిచేసే స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూచునే హక్కు కల్పిస్తూ కేరళ ప్రభుత్వం 2018లో చట్టాన్ని సవరించింది. తమిళనాడు 2021లో సవరించింది. స్పెన్సర్ దుకాణం పుట్టిన 1863 నుంచి లెక్కపెడితే, ఆ రాష్ట్రంలో అమ్మేవాళ్ళకు కుర్చీ వెయ్యాలని చట్టంలో రాసుకోవటానికి నూటయాభై ఎనిమిదేళ్ళు పట్టింది. కుర్చీలు అమ్మే దుకాణాల్లోనూ ఇదే సంగతి. కోళికోడ్ స్త్రీలు ఒకే కప్పు కింద పనిచేసినవాళ్ళు కారు, చాలా దుకాణాలలో విడివిడిగా నిలబడినవాళ్ళు. తమ కాళ్ళనొప్పి ఒకటేనని గుర్తించటం వల్ల సంఘమయ్యారు.

అధ్యాపక మిత్రులకు నా సూచన ఇంతే. ఈ ఆటను తరగతిలోంచి తరమవద్దు. పిల్లలు దేనితో ఆడుకుంటున్నారో దానితోనే మొదలుపెట్టండి. మెట్లు లెక్కపెట్టనివ్వండి. అయితే ప్రతి మెట్టు దగ్గరా ఎవరు ఎవరికి ఏమవుతారని అడగండి. మా తరగతిలో వచ్చే నెల ‘మాలపల్లి’తో ఆడబోతున్నాం. అందులో మెట్లు ఎక్కువ వస్తాయో తక్కువ వస్తాయో నాకు పట్టదు. పొలం ఎవరిదో, ధాన్యం ఎవరింటికి పోతుందో పిల్లలు చెప్పగలిగితే చాలు.